ఎడమ సగం

మార్చి 3

పళ్ళెం తిప్పడం మర్చిపోయాను.

అన్నయ్య కుడివైపున్న అన్నం, కూర శుభ్రంగా తినేశాడు. ఎడమవైపు సగం గీత గీసినట్టు అలాగే ఉంది. "కూర ఇంకొంచెం ఉందా?" అని అడిగాడు. పళ్ళేన్ని అటు నుంచి ఇటు తిప్పాను. అప్పుడు కనిపించింది. "ఎప్పుడు వడ్డించావు? దొంగలా ఉన్నావే," అన్నాడు. ఇప్పుడే అన్నాను.

కళ్ళకు ఏమీ కాలేదని మిలిటరీ ఆస్పత్రి డాక్టరు మొదట్లోనే చెప్పారు. బండి పేలినప్పుడు దెబ్బ తలకు తగిలింది. ఎడమవైపు లోకాన్ని మెదడు పట్టించుకోవడం మానేసింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు ఉన్నాయి. ఎవరో మన దగ్గర పెట్టి వెళ్ళిన సామానులాగా ఉన్నాయి. "అటుపక్క ఏదో లేదన్న సంగతి కూడా అతనికి తెలియదు. ఇంట్లో వాళ్ళకు అదే కష్టం. అతని ఎడమవైపు మీరే అనుకోండి," అన్నారు. అమ్మ అప్పుడు మందుల కోసం వరుసలో నిలబడి ఉంది. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే.

సంక్షేమ కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది. వచ్చే వారం ఒక ఆఫీసరు ఇంటికొచ్చి అన్నయ్యను చూస్తారట. అవసరమని తేలితే పగటిపూట ఒక అటెండెంటును పంపిస్తారు.

మార్చి 5

స్కూల్ లైబ్రరీ సిస్టర్ కబురు చేస్తే వెళ్ళాను. ఆవిడ రిటైరవుతున్నారు. నన్ను ఆ కుర్చీలో కూర్చోమంటున్నారు. "నువ్వు చిన్నప్పటి నుంచీ ఇక్కడే దాక్కునేదానివి కదా. ఇప్పుడు జీతం తీసుకుని దాక్కో," అన్నారు. సిస్టర్ జోకులు వేయరు, అందుకని నవ్వాలో లేదో తెలియలేదు.

కిటికీ పక్క బల్ల అలాగే ఉంది. పుస్తకాల వీపులకు ఆవిడ చేత్తో అంటించిన నంబర్లు కూడా. కొత్త తరగతులు మొదలయ్యేలోపు చెప్పమన్నారు.

ఇంట్లో చెప్పలేదు. అటెండెంటు వస్తే చెబుతాను. రాకపోయినా ఫరవాలేదు. నాకు మరీ అంత ఆశేమీ లేదు.

మార్చి 9

ఇంట్లో పరీక్షల కాలంలా ఉంది. అమ్మ కర్టెన్లు ఉతికింది. నడుం పట్టుకుని కూర్చుని, మళ్ళీ లేచి గచ్చు తుడిచింది. "వచ్చినాయన మనల్ని ఏమనుకోవాలి?" అంటుంది.

అన్నయ్యకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. "ఇన్‌స్పెక్షన్ అంటే ఇన్‌స్పెక్షనే," అంటూ దుప్పటి మూలలు మంచం కిందికి మడిచాడు. కుడివైపు రెండు మూలలు మాత్రమే. అతను హాల్లోకి వెళ్ళాక మిగతా రెండూ నేను మడిచాను. బూట్లు పాలిష్ చేశాడు. ఒకటే మెరిసింది. రెండోది నేను చేశాను.

"చూశావా, చెయ్యి తిరిగినవాడి పని," అన్నాడు రెండు బూట్లనూ చూసి.

"చూశాను," అన్నాను.

మార్చి 12

వచ్చారు, వెళ్ళారు.

పొద్దున అన్నయ్య అద్దం ముందు గడ్డం గీసుకున్నాడు. కుడి చెంప నున్నగా వచ్చింది. ఎడమ చెంప మీద నురగ అలాగే ఉంది. రోజూ చేసినట్టే వెనక నుంచి రేజరు అందుకుని మిగతా సగం గీశాను. ఎడమ దవడ కింద మచ్చ దగ్గర చర్మం ముడతపడి ఉంటుంది. అక్కడ కిందినుంచి పైకి, నిదానంగా పోనివ్వాలి. అన్నయ్య అద్దంలో తనను చూసుకుంటూ ఈల వేశాడు. రేజరు ఇంకా తన చేతిలోనే ఉందనుకున్నాడేమో.

ఆఫీసరుకు కుర్చీ అన్నయ్య కుడివైపు వేశాను. ఎవరూ చెప్పకుండానే వేశాను. టీ కప్పు చెవి కుడివైపుకు తిప్పి పెట్టాను.

ఆయన మంచి మనిషి. బూట్లు బయట విప్పి వచ్చారు. అన్నయ్య లేచి నిలబడ్డాడు. నెల్లాళ్ళుగా నేను పట్టుకోకుండా అలా లేవలేదు.

"కూర్చోండి, కూర్చోండి. మీ పని మీరే చేసుకుంటున్నారా?"

"అంతా నేనే సర్. స్నానం, బట్టలు, గడ్డం. చూస్తున్నారుగా."

"వంటింట్లోకి వెళ్తారా?"

"మా అమ్మ రానివ్వదు సర్. గాయం కాకముందు కూడా రానిచ్చేది కాదు."

ఆఫీసరు నవ్వారు. గుమ్మం దగ్గర నిలబడి అమ్మ కూడా నవ్వింది. కిందటి నెల అన్నయ్య పొయ్యి వెలిగించి మర్చిపోయిన సంగతి ఎవరూ ఎత్తలేదు. వంటింటి కిటికీకి కాలిన కర్టెన్ బదులు కొత్తది వేలాడుతోంది.

"చెల్లెలు సాయం చేస్తుందా?"

"మా పుస్తకాల పురుగా? నేనే దానికి అన్నం వేళయిందని గుర్తు చేస్తాను సర్."

అప్పుడు ఆయన నావైపు తిరిగారు. "మీరేమైనా చెప్పాలా అమ్మా?"

అన్నయ్య నన్ను చూస్తున్నాడు. చెమట పడుతోంది అతనికి, చెవి పక్కన. నున్నటి రెండు చెంపలు. రెండూ మెరిసే బూట్లు.

"టీ చల్లారిపోతుంది సర్," అన్నాను.

అన్నయ్య గేటు దాకా వెళ్ళి సాగనంపాడు.

మార్చి 13

నిద్రపోతున్నాడు.

మార్చి 14

ఇంకా లేవలేదు. దుప్పటి మార్చడానికి అమ్మ, నేను కలిసి పక్కకు దొర్లించాము. కళ్ళు తెరిచి, "ఆయన వెళ్ళారా?" అని అడిగాడు.

మార్చి 27

అటెండెంటు అవసరం లేదని తేల్చారు. ఫోన్లో చెప్పిన అమ్మాయి సంతోషకరమైన వార్త చెబుతున్నట్టే చెప్పింది. "మీవాళ్ళు చాలా బాగా కోలుకుంటున్నారండీ."

అన్నయ్య అమ్మను పిలిచి మరీ చెప్పాడు. "పాస్." అమ్మ అతని తల నిమిరింది. నాకు కూడా ఒక నిమిషం సంతోషంగానే అనిపించింది. ఎందుకో తెలియదు.

సాయంత్రం స్నానాలగదిలోంచి బయటికి తెస్తుంటే ఇద్దరం గోడకు కొట్టుకున్నాము. నా మోచెయ్యి చెక్కుకుపోయింది.

మార్చి 30

మళ్ళీ చూడమని అడగవచ్చట. ఏం చెప్పాలో ముందు కాగితం మీద రాసుకుని ఫోన్ చేశాను. సంగీతం వచ్చింది. మీ కాల్ మాకు ముఖ్యం అన్నారు. మళ్ళీ సంగీతం. ఎవరో నిజంగా ఎత్తారు. పెట్టేశాను.

ఏప్రిల్ 3

సంక్షేమ కార్యాలయం వెనక హాల్లో గురువారాలు ఇంటివాళ్ళ సమావేశం జరుగుతుంది. ఇంటివాళ్ళంటే గాయపడిన వాళ్ళను చూసుకునేవాళ్ళు. అమ్మ నన్ను బలవంతాన పంపింది. ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేశారు. గుండ్రంగా వేస్తే వెనక వరుస ఉండదు. వెనక వరుస లేని చోట నాకు ఊపిరాడదు.

పక్కన ఒక పెద్దావిడ ఏదో అల్లుతున్నారు. ఎవరు మాట్లాడుతున్నా ఊలు మీంచి కళ్ళు ఎత్తరు. భర్తకు రెండు కాళ్ళూ లేవట.

"ఎవరు నీకు? మీ ఆయనా?"

"అన్నయ్యండీ."

"ఆఫీసరు వచ్చి చూశాడా?"

"చూశారు. అవసరం లేదన్నారు."

"ఆ రోజు గడ్డం గీయించావా?"

 ఆవిడ అల్లిక ఆపి అందరివైపూ తిరిగారు. "ఇదిగో, ఇంకో పిల్ల గడ్డం గీయించింది." అందరూ నవ్వారు. ఎగతాళి కాదు. అందరూ ఎప్పుడో ఒకప్పుడు గీయించినవాళ్ళే.

"మా ఆయన ఏం చేశాడో తెలుసా? కుర్చీలోంచి దిగి, చేతుల మీద హాలంతా తిరిగి చూపించాడు. సర్కస్ పెట్టుకోండి, బాగా నడుస్తుంది అని నేనన్నాను ఆ తర్వాత. వీళ్ళకు పెద్దాఫీసరు అంటే చాలు, చచ్చేవాడు కూడా లేచి బొత్తాలు పెట్టుకుంటాడు. ట్రెయినింగ్ అలాంటిది. చూడు పిల్లా, అతను పాసయితే నువ్వు ఫెయిలైనట్టే. మళ్ళీ పిలిపించు. ఈసారి నువ్వు ఏమీ చేయకు."

"ఏమీ చేయకుండా అంటే?"

"చేయకుండా అంటే చేయకుండానే. రోజూ చేసేది ఆ ఒక్క రోజు చేయకు. అతనికి చెప్పకు కూడా."

టీ తాగి వచ్చేశాను. నేను అలా చేయలేను. చేయను.

ఏప్రిల్ 10

వెళ్ళాను. మాట్లాడలేదు. ఆవిడ నా ఒళ్ళో ఒక ఊలు ఉండ పెట్టి పట్టుకోమన్నారు. గంటసేపు పట్టుకున్నాను.

ఏప్రిల్ 18

నేను మందులకు వెళ్ళాను. అన్నయ్య మంచం ఎడమ అంచున కూర్చోబోయాడట. అంచు ఎక్కడుందో అతనికి తెలియదు. పడబోతుంటే అమ్మ పట్టుకుంది. అన్నయ్యకు ఏమీ కాలేదు. అమ్మ నేల మీద ఉంది. నడుం కదపలేకపోతోంది.

"నన్ను ఎందుకమ్మా పట్టుకున్నావు, నేను లేచేవాణ్ణిగా," అంటున్నాడు అన్నయ్య, కుడివైపు గోడతో. నేను ఇంకా గుమ్మంలోనే ఉన్నాను. అతని ఎడమవైపు.

ఏప్రిల్ 21

అమ్మ మంచం దిగకూడదన్నారు. ఇప్పుడు ఇంట్లో రెండు మంచాలు. రెండు పళ్ళేలు. ఒకటి తిప్పాలి, ఒకటి తినిపించాలి.

ఫోన్ చేశాను. కాగితం చూడకుండా మాట్లాడాను. మళ్ళీ ఆఫీసరును పంపిస్తామన్నారు. రోజు చెప్పారు.

అమ్మకు చెప్పాను.  "వాడికి చెప్పకు," అంది. తర్వాత గోడవైపు తిరిగింది. తిరగకూడదని డాక్టరు చెప్పారు.

ఏప్రిల్ 29

చెప్పలేదు.

మే 2

పేపరు చదివి వినిపిస్తుంటే మధ్యలో అడిగాడు. "ఏంటే, ఈమధ్య నా మొహం చూడట్లేదు?"

చూస్తున్నానే అన్నాను.

"నా మీద కోపమొస్తే చెప్పు. లోపల పెట్టుకోకు. లోపల పెట్టుకునే నువ్వు ఇంత సన్నగా అయ్యావు."

పేపర్లో మిగతాది చదివాను. ఏం చదివానో తెలియదు.

మే 6

పొద్దున రేజరు అందుకోలేదు. కుడి చెంప గీసుకుని బయటికి వచ్చాడు. ఎడమవైపు నురగ ఎండి తెల్లగా అంటుకుని ఉంది. చొక్కా కుడి చెయ్యి తొడుక్కున్నాడు. ఎడమ చెయ్యి వెనక వేలాడుతోంది. "టిఫిన్ అయిందా?" అని అడిగాడు, ఎప్పటిలాగే. అంతసేపూ నా చేతులు నా వెనకే పెట్టుకున్నాను. పళ్ళెం తిప్పలేదు. సగం తిని లేచాడు. ఇంకా కావాలని ఇవాళ అడగలేదు.

స్నానాలగదిలోకి వెళ్ళాడు. ఎప్పుడూ వెనకే వెళ్తాను. ఇవాళ హాల్లో నిలబడ్డాను. పడిన చప్పుడు వినిపించింది. అదే సమయానికి బెల్ మోగింది.

ముందు ఏది చేయాలో ఒక మనిషి ఆలోచించాల్సిన పని లేదు. నేను ఆలోచించాను. తలుపు తీశాను.

అదే ఆఫీసరు. నేనేమీ చెప్పలేదు, స్నానాలగదివైపు చూశాను. ఆయన వెళ్ళి గుమ్మంలో నిలబడ్డారు. నేను ఆయన వెనక నిలబడ్డాను. అన్నయ్య తడి నేల మీద ఒక పక్కకు పడి ఉన్నాడు. ఎడమ చెయ్యి ఒంటి కింద ఇరుక్కుంది, అతనికి తెలియట్లేదు. కుడి చేత్తో బకెట్ అంచు పట్టుకుని లేవాలని చూస్తున్నాడు. బకెట్ జారుతోంది. మళ్ళీ పట్టుకుంటున్నాడు. గుమ్మం అతనికి ఎడమవైపు. మా ఇద్దరిలో ఎవరూ అతనికి లేరు.

"చెల్లీ," అని గోడతో అన్నాడు. "బెల్ మోగింది. ఎవరో వచ్చారు. ఆయన్ని కూర్చోమను. నేను వస్తున్నాను."

ఆఫీసరు వెనక్కి తిరిగి హాల్లోకి వెళ్ళి కూర్చున్నారు.

లేపాను. తుడిచాను. చొక్కా రెండో చెయ్యి తొడిగాను. నురగ తుడిచాను. బయటికి వచ్చి ఆఫీసరును చూడగానే నిటారుగా అయ్యాడు. "చెప్పకుండా వచ్చారు సర్. సర్‌ప్రైజ్ ఇన్‌స్పెక్షనా?" ఆయన కూడా నవ్వడానికి ప్రయత్నించారు. రెండు మూడు ప్రశ్నలు అడిగి లేచారు. అన్నిటికీ అంతా నేనే సర్ అన్నాడు.

గేటు దగ్గర ఆఫీసరు నాతో ఏదో అనబోయి, బూట్ల తాళ్ళు కట్టుకోవడానికి వంగారు.

మే 7

"ఈసారి కూడా పాసంటావా?" అని అడిగాడు.

పాసే అన్నాను.

మే 20

అటెండెంటును ఇచ్చారు.

నేను వంటింట్లో ఉన్నాను. అమ్మ తన మంచం మీంచే అన్నయ్యతో మాట్లాడుతోంది. ఎన్నాళ్ళకో గొంతులో వెలుగు వచ్చింది. "పోన్లేరా, దానికి కాస్త ఊపిరి. ఆ రోజు ఆయన కళ్ళారా చూశాడు కాబట్టి సరిపోయింది."

"ఏ రోజు?"

"అదేరా, నువ్వు స్నానాలగదిలో..."

అమ్మ ఆగిపోయింది. నేను గిన్నె కడుగుతున్నాను. కడిగిన గిన్నే మళ్ళీ కడుగుతున్నాను.

"ఎక్కడి నుంచి చూశాడు?" అని అడిగాడు అన్నయ్య.



మే 21

మాట్లాడటం లేదు.

మే 22

పళ్ళెం తిప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. కుడివైపు సగమే తిని లేచాడు. గడ్డం గీసుకున్నాక అమ్మ మంచం అంచున వెళ్ళి కూర్చున్నాడు. అమ్మ పడుకునే మిగతా సగం గీసింది. మచ్చ దగ్గర తెగింది.

మే 29

సమావేశం హాల్లో ఇవాళ నేను మాట్లాడాను. నాలుగు ముక్కలు. అల్లికలావిడ సూదులు ఆపలేదు.

"మా ఆయన ఒక చలికాలమంతా మాట్లాడలేదు."

"తర్వాత ఏమన్నారండీ?"

"కూరలో ఉప్పు లేదన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇంకా ఎక్కువ తగ్గించి వండాను మర్నాడు, మళ్ళీ అంటాడని."

నవ్వాను. బస్సులో గుర్తొచ్చి మళ్ళీ నవ్వబోయాను, రాలేదు.

ఇంటికొచ్చి కూరలో ఉప్పు తగ్గించాను. అన్నయ్య తినేసి లేచాడు.

మే 30

లైబ్రరీలో వేరే ఆవిడ చేరిందట. సిస్టర్ ఫోన్ చేశారు, ఎదురుచూడగలిగినంత చూశానన్నారు. మంచిదే. ఆ గదిలో దుమ్ము ఎక్కువ. నాకు తుమ్ములు వస్తాయి.

జూన్ 2

ఇవాళ అటెండెంటు రావాలి.

అన్నయ్య చీకటి విడిపోకముందే లేచాడు. నన్ను పిలవలేదు, అమ్మ దగ్గరికీ పోలేదు. తలుపు మూసుకుని అంతా తనే చేసుకున్నాడు. చాలాసేపు పట్టింది. నేను బయట గోడకు ఆనుకుని ప్రతి చప్పుడూ విన్నాను. ఏదీ పడలేదు.

హాల్లోకి వచ్చి కూర్చున్నాడు. కుడి బూటు మెరుస్తోంది. ఎడమ బూటు మీద పొడి మట్టి. కుడి చెంప అద్దంలా ఉంది. ఎడమవైపు గడ్డం అలాగే ఉంది. కుర్చీ తనే జరుపుకున్నాడు. వీధి తలుపు ఎడమవైపుకు వచ్చింది. ఎదురుగా గోడ గడియారం. దాన్ని చూస్తూ కూర్చున్నాడు, మడమలు దగ్గరికి చేర్చి. ఒక మడమ. రెండోది దూరంగా పడి ఉంది.

నేను దగ్గరికి వెళ్ళలేదు. వెళ్తే చెయ్యి అడ్డం పెడతాడు.

తలుపు తెరిచే ఉంది. అటెండెంటు చప్పుడు చేయకుండా వచ్చాడు. నడి వయసు మనిషి, చేతిలో అన్నం డబ్బా. అన్నయ్యకు ఎడమవైపు, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర నిలబడ్డాడు. నమస్కారం పెట్టాడు. అన్నయ్య కదల్లేదు. అతను ఆ సగం మొహాన్ని చూశాడు, ఆ బూటును చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఇంకా రాలేదేం అతను?" అన్నాడు అన్నయ్య గడియారంతో.

అతనికి తెలిసినంతలో గదిలో ఇంకెవరూ లేరు. నాతో అన్నాడో, ఊరికే అన్నాడో తెలియదు.

మళ్ళీ గుమ్మం అతని ఎడమవైపే. మళ్ళీ ఒక మనిషి అతనికి తెలియకుండా అతన్ని చూస్తున్నాడు, నేను వెనక నిలబడి ఉన్నాను. ఆ రోజు నోరు తెరవలేదు. ఇవాళ తెరిస్తే ఏమవుతుందో కూడా తెలుసు.

"వచ్చాడు అన్నయ్యా," అన్నాను. "నీ ఎడమ పక్కనే ఉన్నాడు."

అన్నయ్య మెడ తిప్పాడు. డాక్టరు నేర్పినట్టు, కిటికీ దాటి, గోడ దాటి, తలుపు అంచు దాకా కొంచెం కొంచెంగా తిప్పాడు. అతను కనిపించాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అన్నయ్య కుడి చెయ్యి నెమ్మదిగా పైకి వచ్చి మొహాన్ని దాటి ఎడమ చెంప మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. వేళ్ళతో తడిమి చూసుకున్నాడు.

"ఆయన్ని కూర్చోమను," అన్నాడు. "నేను ఇప్పుడే వస్తాను."

అటెండెంటు కూర్చోలేదు.

అన్నయ్య లేవబోయి, లేవలేక, కుడి చెయ్యి ముందుకు చాపాడు. ఎవరి కోసం చాపాడో నాకు తెలియలేదు. నేను అడుగు వేశాను. అటెండెంటు కూడా వేశాడు. అతను ముందు చేరాడు.

ఇద్దరూ స్నానాలగదిలోకి వెళ్ళారు. తలుపు మూసుకుంది. నీళ్ళ చప్పుడు. అటెండెంటు ఏదో అడిగాడు, అన్నయ్య ఏదో చెప్పాడు. మాటలు వినిపించలేదు.

దవడ కింద మచ్చ దగ్గర కిందినుంచి పైకి, నిదానంగా పోనివ్వాలి. ఆ సంగతి అతనికి చెప్పలేదు. తలుపు దాకా వెళ్ళి చెయ్యి ఎత్తాను. తట్టలేదు.